శుభోదయం చెరిపేసిన ఆకాశం

ఆ రోజు చట్నీ రుబ్బేటప్పుడు నేను ఫోను చూడకుండా ఉండి ఉంటే ఈ గొడవేదీ ఉండేది కాదని మా ఆయన ఇప్పటికీ అంటారు. చట్నీ రుబ్బేది మిక్సీ, నేను కాదు. దాని పని అది చేసుకుంటుంటే నేను గోడకేసి చూస్తూ నిలబడాలా? ఫోను చూశాను. చూసినందుకు ఇవాళ్టికీ సంతోషిస్తున్నాను.

నేనొక బొమ్మల గ్రూపులో సభ్యురాలిని. ఫోనులోనే నడిచే గ్రూపు అది. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో అందులో తాము వేసిన బొమ్మలు పెడతారు, ఒకళ్లనొకళ్లు మెచ్చుకుంటారు. నేనూ రంగులు వేస్తాను. నాకు వచ్చినవి మామిడిపళ్లు మాత్రమే. బంగినపల్లి వేసినా రసాలు వేసినా చూసినవాళ్లకి బంగాళాదుంపల్లా కనిపిస్తాయి. ఒకాయన అయితే "కోడిగుడ్డు చాలా సహజంగా వచ్చింది మేడం" అని రాశాడు. ఆ తర్వాత చాలా రోజులు అతని బొమ్మలకి నేను లైకు కొట్టలేదు. నాకు కోపం ఎక్కువని మావాళ్లందరూ అంటారు. ఎక్కువేం కాదు, తొందరగా వస్తుంది, అంతే.

ఆ పొద్దున్న గ్రూపు తెరవగానే ఒక బొమ్మ కనిపించింది. పూర్ణా మార్కెట్లో గోనెపట్టా మీద నిమ్మకాయలు రాశి పోసుకుని, ఊచ విరిగిన గొడుగు కింద కూర్చునే నిద్రపోతున్న ముసలమ్మ. ఒక చెయ్యి మాత్రం నిమ్మకాయల మీదే ఉంది, ఎవరైనా తీస్తారేమోనని. గొడుగు నీడ నీలంగా ఆవిడ ముఖం మీద పడింది. ఎంత బాగుందో! లైకు కొట్టబోతూ ఆవిడ పాదం చూశాను. బొటనవేలికి కాస్త పైన నువ్వుగింజంత నల్ల చుక్క.

మిక్సీ ఆపేశాను. ఆ చుక్క మా తోటికోడలిది.

మా తోటికోడలంటే మా మరిది భార్య. పెందుర్తిలో ఒకే కాలనీలో మేం ఒక వీధి, వాళ్లు పక్క వీధి. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లీ అంటాను. పుట్టిల్లు శ్రీకాకుళం వైపు పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మనిషి నెమ్మది. గట్టిగా మాట్లాడితే గిన్నెలకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు ఉంటుంది. పొద్దున్నే పొయ్యి మీద కుక్కర్ పెట్టి, వంటింటి గచ్చు మీద కూర్చుని బొమ్మ మొదలెడుతుంది. కుక్కర్ కూతలు అయిపోయేదాకానే బొమ్మ. అయిపోగానే కుంచె కడిగేసి లేచిపోతుంది. అందుకే ఆమె బొమ్మల్లో ఒక పక్క వేలిగోళ్లతో సహా ఉంటుంది, రెండో పక్క ఒట్టి తడి రంగు పులిమి ఉంటుంది. "ఇటుపక్క ఏమైందే?" అని అడిగితే "అప్పటికి కుక్కర్ దిగిపోనాదక్కా" అంటుంది.

అన్నీ అయ్యాక చివర్లో తన కంటి కాటుక వేలి కొసతో తీసి బొమ్మకి దిష్టి చుక్క పెడుతుంది. వాళ్లమ్మకి అలవాటట. పసిపిల్ల బుగ్గకి, కాసిన మొదటి సొరకాయకి, కొత్తగా కొన్న కుండకి, అన్నిటికీ చుక్క పెట్టేదట. ఒకసారి నేను నవ్వాను. "నువ్వు పెట్టేది మన కుటుంబం గ్రూపులోనేగా, అక్కడ దిష్టి పెట్టేదెవరే?" అన్నాను.

"అసలు దిష్టి ఆల్లదే కదక్కా!" అంది.

నిజమే, బొమ్మని ఫోటో తీసి, ఆకాశం ఉన్నచోట "శుభోదయం" అని రాసి కుటుంబం గ్రూపులో పెట్టడం, అంతే ఆమె చేసేది. ఇంకెక్కడా పెట్టదు. మావాళ్లు పూర్తిగా చూడకుండానే దణ్ణాలు పెట్టేస్తారు. పూల గుత్తులూ దేవుళ్లూ ఉన్న మిగతా శుభోదయాల మధ్య అదీ ఒక శుభోదయం. ఒక్క మా చినమావయ్యగారు మాత్రం జవాబు రాస్తారు. మా అత్తగారి చిన్న తమ్ముడు ఆయన. స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. మా మరిదికి అక్కడ పని దొరికిందంటే ఆయన తిరిగి, నలుగురికీ చెప్పిన పుణ్యమే. రోజూ ఆయన రాసేది ఒకటే మాట: "సంతోషం తల్లీ. ఎండలు ముదిరాయి. మజ్జిగ తాగండి." వానాకాలంలోనూ ఎండలు ముదురుతూనే ఉంటాయి ఆయనకి.

సరే, ఆ బొమ్మ పెట్టినాయన పేరు చూశాను. సాగరతీర చిత్రకారుడట. ముఖం ఉండాల్సిన చోట సూర్యోదయం ఉంది. ఆయన పెట్టినవన్నీ వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఒళ్లు మండిపోయింది. వన్ టౌన్ ఇరుకు సందులో చెక్క వసారా ఉన్న పాత ఇల్లు, ఒడ్డుకి లాగిన పడవ నీడలో చీట్లపేక ఆడుతున్న వాళ్లు, పోర్టు క్రేన్ల కింద టీ తాగుతున్న డ్రైవర్లు, అన్నీ మా చెల్లివే. ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట చుక్క ఉంది. ప్రతి ఆకాశంలోనూ శుభోదయం ఉండాల్సిన చోట రంగు పులిమేసిన మరక ఉంది. ఆ మరక చూసి ఒకావిడ "ఆ మబ్బులో ఎంత వేదన ఉంది సార్!" అని రాసింది. కుక్కర్ దిగిపోయిన పక్కని చూసి ఇంకొకాయన "అసంపూర్ణతలోనే అందం ఉందని మీరు నిరూపించారు గురువుగారూ" అన్నాడు. చుక్క సంగతి ఎవరో అడిగితే సాగరతీరంగారు ఇచ్చిన జవాబు చూడాలి: "అది శూన్యానికి గుర్తు."

శూన్యమట! మా చెల్లి కాటుక శూన్యమట! నాకు కోపం నషాళానికి అంటింది.

ఫోను చేసి, "చెల్లీ, నీ నిమ్మకాయల ముసలమ్మ ఊళ్లు తిరుగుతోందే, ఒకసారి రా" అన్నాను.

"ఏటక్కా, ఏటైంది?" అంటూ పిండి చేతులతోనే వచ్చింది. చూపించాను. నేను ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఒక్కొక్కరు రాసిన మాటా చదువుకుంటూ పోయింది. ముఖం విప్పారింది. "ఇంతమందికి నచ్చిందా అక్కా? ఈయన సూడు, గొడుగు నీడ నిజంగా సల్లగా ఉందంటన్నాడు" అంది. దొంగ దొరికితే మురిసిపోయే మనిషిని అప్పుడే చూశాను.

అప్పుడు కింద ఉన్న ప్రకటన చదివింది. వచ్చే ఏడాదికి గ్రూపు తరఫున ఒక క్యాలెండరు అచ్చు వేస్తున్నారు. దాని ముఖచిత్రానికి నిమ్మకాయల ముసలమ్మని ఎంచుకున్నారు. చిత్రకారుడి పేరుగా సాగరతీరంగారి పేరు వేశారు. వారాంతానికి అచ్చుకి వెళుతుందట.

చెల్లి ఫోను కింద పెట్టేసింది. "అంటే అందరి గోడల మీదా ఆయన పేరుతో ఏలాడతాదా అక్కా ఇది?" అంది. "ఇల్లు అత్తోరిది, పిల్లలు ఆల్ల ఇంటోల్లు. నా సొంతానికి ఉన్నాది ఇదొక్కటే" అంది. ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. ఆ క్యాలెండరు ఆ పేరుతో అచ్చవకూడదని అక్కడే పట్టుబట్టాను.

పట్టుబట్టడమంటే నాకు తెలిసిన పద్ధతిలోనే. గ్రూపులో ప్రతి బొమ్మ కిందా ఫిర్యాదు చేసేందుకు ఒక మీట ఉంటుంది. అన్ని బొమ్మల మీదా నొక్కాను. ఊరుకోవచ్చు కదా, ప్రతి బొమ్మ కిందా "ఇది మా తోటికోడలు వేసింది, దొంగ" అని కూడా రాశాను. కొన్నిచోట్ల "దొంగ వెధవ" అన్నాను. అప్పటికి చట్నీ గిన్నెలో గట్టిపడిపోయింది. మా ఆయన ఉత్త ఇడ్లీలు తిని పోర్టుకి డ్యూటీకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి గ్రూపు నడిపే ఆవిడ నుంచి జవాబొచ్చింది. చాలా మర్యాదస్తురాలు. "మేడం, ఈ చిత్రాలు గ్రూపులో మొదట పెట్టింది ఆయనే. మీ బంధువు ఎక్కడా పెట్టిన దాఖలా లేదు. ఆమెవే అనడానికి ఆధారం ఉంటే పంపండి, తప్పకుండా చూస్తాం. ఈలోగా దయచేసి వెధవ అనకండి" అని రాసింది. ఇటు సాగరతీరంగారి అభిమానులు నా మీద విరుచుకుపడ్డారు. మామిడిపళ్ల మేడంకి అసూయట. ఒకడైతే ఇంకో అడుగు ముందుకేసి, ఆ తోటికోడలెవరో గురువుగారి బొమ్మలు కాపీ కొట్టి తనవని చెప్పుకుంటోందేమో అన్నాడు. అది చెల్లి కూడా చదివింది.

మర్నాడు కుటుంబం గ్రూపులో శుభోదయం రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. పూలూ దేవుళ్లూ మామూలుగానే వచ్చారు. బొమ్మ ఏదని ఒక్కరూ అడగలేదు, చినమావయ్యగారు తప్ప. "ఏటి తల్లీ, బొమ్మలు రాట్లేదు, ఒంట్లో బాగులేదా?" అని రాశారు. ఎంత మంచి మనిషి, ఈ ఇంట్లో ఈయనొక్కరికైనా పట్టిందని నా కళ్లు చెమర్చాయి. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ పూట ఆయనకి మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. రంగుల పెట్టె అటకెక్కింది. "ఇంక ఎయ్యనక్కా. దొంగదాన్ననిపించుకుని ఏటి ఎయ్యడం" అంది.

"ఎందుకెయ్యవు? ఆధారం అడిగారు, ఇద్దాం. అసలు బొమ్మలేవే?"

"అసలు బొమ్మలేటి?"

"నువ్వు వేసిన కాగితాలే తల్లీ! పారేశావా కొంపదీసి?"

"పారేస్తానేటి? అలమర్లో ఉన్నాయి కదా" అంటూ వంటింటి అలమర తలుపు తీసింది.

నేను నోరెళ్లబెట్టాను. అరల నిండా కాగితాలు పరిచి ఉన్నాయి, వాటి మీద డబ్బాలు. మనమందరం పాత పేపర్లు పరుస్తామే, అలా. పాత క్యాలెండరు కాగితాలు చించి వాటి వెనక వైపు బొమ్మలు వెయ్యడం, ఆరాక అరల్లో పరిచెయ్యడం. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో పప్పులు తీసి పెట్టిన నేను ఒక్కసారీ డబ్బా కింద ఏముందో చూడలేదు.

"బొమ్మల మీద డబ్బాలు పెట్టుకుంటారటే ఎవరైనా!"

"పప్పు తీసినప్పుడల్లా కనిపిస్తాయక్కా. పెట్టెలో దాస్తే ఎవులు సూస్తారు?" అంది.

ఇద్దరం కూర్చుని డబ్బాలన్నీ దించాం. కందిపప్పు డబ్బా కింద నిమ్మకాయల ముసలమ్మ ఉంది. ఆవిడ గొడుగు మీద గుండ్రంగా డబ్బా అచ్చు. చింతపండు జాడీ కింద పేకాటరాయుళ్లు, ఆవాల సీసా కింద వన్ టౌన్ ఇల్లు. పోర్టు క్రేన్ల మీద పసుపు ఒలికి అక్కడ సాయంకాలం అయిపోయింది. నాకు ఏడుపూ వచ్చింది, తిట్లూ వచ్చాయి. రెండూ కానిచ్చాక ఫోటోలు తీశాను. బొమ్మ ముందు వైపు, వెనక క్యాలెండరు వైపు, పక్కన డబ్బా, డబ్బా పక్కన చెల్లి. శుభోదయాలు పంపిన పాత సందేశాలు కూడా చేర్చి, అన్నీ గ్రూపు ఆవిడకి పంపేశాను.

ఆవిడ వెంటనే ఫోను చేసింది. నవ్వుతోంది. "మేడం, ఇన్నాళ్లలో ఎన్నో ఫిర్యాదులు చూశాను, పప్పుడబ్బా సాక్ష్యం ఇదే మొదటిసారి. ఇంక సందేహం లేదు. క్యాలెండరు ఆపుతున్నాను. ఆయన సంజాయిషీ చెప్పుకోవడానికి రేపు సాయంత్రం దాకా సమయమిచ్చాం. చెప్పకపోతే ఆయన ఖాతా మూసేసి, ఎందుకు మూశామో అందరికీ ప్రకటిస్తాం" అంది. నేను గాల్లో తేలిపోయాను. మర్యాదగా పడుకుని నిద్రపోవాల్సింది. నా వల్ల కాలేదు. సాగరతీరంగారి కొత్త బొమ్మ కిందకి వెళ్లి, "శూన్యం సంగతి రేపు తేలుతుంది లెండి" అని రాశాను.

పొద్దున్న లేచేసరికి ఆయన జవాబు ఉంది.

"తల్లీ, అంత కోపం ఒంటికి మంచిది కాదు. ఎండలు ముదిరాయి. మజ్జిగ తాగండి."

బయట కుండపోతగా వాన కురుస్తోంది.

ఆ మాట ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. ఫోను తీసుకెళ్లి టిఫిను తింటున్న మా ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, చేతిలో ముక్క ప్లేటులో పెట్టేశారు. "మావయ్యేనే!" అన్నారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఇదిగో, ఇంక ఇది ఇక్కడితో వదిలెయ్. ఆ ప్రకటనా అదీ వద్దని చెప్పెయ్" అన్నారు.

"ఎందుకొద్దు?"

"పెద్దాయన పరువేటవుతాది? రేపు పెళ్లిలోనో పేరంటంలోనో ఎదురుపడొద్దేటి? తమ్ముడికి పని సూపించిన మనిషి."

"పని చూపిస్తే బొమ్మలు రాసిచ్చేసినట్టా? మరి దాని పరువో?"

"దానిదేటి, బొమ్మలే కదా. మళ్లీ ఏసుకుంటాది."

ఈ బొమ్మలే కదా అన్న మాటకి నేను ఆయన మీద ఎంత అరిచానంటే, పక్కింటివాళ్లు టీవీ గొంతు తగ్గించారు, సరిగ్గా వినబడాలని. అరిచాను గానీ లోపల నాకూ గుబులుగానే ఉంది. ముక్కూ ముఖం తెలియని దొంగని తిట్టడం సులువు. చినమావయ్యగారు మా పెళ్లిలో భోజనాల దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని వడ్డించిన మనిషి. నాకేమీ పాలుపోక వానలోనే గొడుగేసుకుని చెల్లి దగ్గరికి వెళ్లాను. ప్రకటన చెయ్యమనాలో వద్దనాలో చెప్పాల్సింది తను.

చెల్లి ఫోను చూసింది. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది. "ఎల్దామక్కా" అంది.

"ఎక్కడికే?"

"మావయ్యింటికి. నానడుగుతాను."

ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం నేను ఎరగను. ఇస్త్రీ చీర కట్టుకుంది. నిమ్మకాయల ముసలమ్మని చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సు మారి, పోర్టు లారీల వెనక బస్సు ఆగి ఆగి, గాజువాక చేరేసరికి వాన వెలిసింది. దారి పొడుగునా నేను ఏమేం అనాలో వరస కట్టుకుంటున్నాను. దిగేముందు చెల్లి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, అక్కడ నువ్వేటీ మాట్లాడకు" అంది. ఈ జన్మలో నన్నెవరూ ఇంత కష్టమైన పని అడగలేదు.

తలుపు మావయ్యగారి భార్య, అత్తమ్మ తీసింది. "ఓలమ్మ, కోడల్లిద్దరూ కట్టకట్టుకొచ్చేసారు!" అని సంబరపడిపోయి, అప్పటికే పకోడీ వేస్తోందట, పళ్లేలు పట్టుకొచ్చింది. "మీ మావయ్య కొత్త ఇద్దె సూసారేటే? బొమ్మలేస్తన్నారు! ఊరంతా గురువుగారూ గురువుగారూ అంటన్నారట. నాకు మాత్రం సూపించరు, మేడ మీదకెల్లి ఏసుకుంటారట. నాను రంగుల పెట్టె కూడా కొనిచ్చినాను" అని టీవీ పక్కన చూపించింది. పెట్టెకి చుట్టిన ప్లాస్టిక్కు కాగితం కూడా విప్పలేదు. నేను పకోడీ నోట్లో కుక్కుకున్నాను, మాట బయటికి రాకుండా.

మావయ్యగారు లోపల్నుంచి వచ్చారు. మమ్మల్ని చూసి నవ్వారు. సంచిలోంచి పైకి కనిపిస్తున్న కాగితం చుట్ట చూశారు. ఆ నవ్వు అక్కడే ఆరిపోయింది. అత్తమ్మ రెండో వాయి వెయ్యడానికి వంటింట్లోకి వెళ్లింది.

చెల్లి చుట్ట విప్పి టీపాయ్ మీద పరిచింది. ఆయన వంగి చూశారు. గొడుగు మీది డబ్బా అచ్చు చుట్టూ వేలితో నిమిరారు. "ఇదేనా అసలుది?" అన్నారు. తర్వాత, తను దొరికిపోయానన్న సంగతే మర్చిపోయినట్టు, "ఓలమ్మ, నిమ్మకాయలు ఇంత పచ్చగా ఉన్నాయేటి! ఫోన్లో ఇలాగ కనిపించనే లేదు" అన్నారు. ఆ మాటతో నాలో సగం కోపం జావగారిపోయింది. మిగతా సగం పట్టుకుని కూర్చున్నాను.

"ఎందుకు మావయ్యా?" అంది చెల్లి.

"ముందు ఒట్టి శుభోదయమే పెట్టినాను తల్లీ. నచ్చింది, పెట్టినాను, అంతే. బాగా ఏసారు గురువుగారూ అని ఆల్లే అనేసారు. కాదని సెబుదామనుకున్నాను. రిటైరయ్యాక నన్ను పలకరించే నాథుడే నేడు. గురువుగారూ అంటే... బాగుంది తల్లీ. రేపు సెబుదాం, ఎల్లుండి సెబుదాం అనుకుంటూ ఇంతయిపోనాది. శుభోదయం సెరిపెయ్యడం కూడా నేర్సుకున్నాను."

అత్తమ్మ ఎప్పుడొచ్చిందో వంటింటి గుమ్మంలో జల్లెడ గరిటెతో నిలబడి ఉంది. "అంటే మేడ మీద ఏటి సేస్తన్నావు ఇన్నాల్లూ?" అంది. "సిగ్గు నేదేటి, ఇంటి పిల్ల సేతిలోది లాక్కుంటావా!" అని గరిటెతో ఆయన్ని చూపిస్తూ కడిగేసింది. నేను అనాలనుకున్నవన్నీ ఆవిడే, నాకన్నా బాగా అనేసింది.

మావయ్యగారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. "తప్పయిపోనాది. ఇప్పుడే అన్నీ తీసెత్తాను తల్లీ. అన్నీ పీకేసి ఆ గ్రూపే మానేత్తాను, ఇంక ఎవులకీ తెలకుండా అయిపోతాది" అన్నారు. ఇటు మా ఆయన కోరుకున్నదీ అదే. పరువు దక్కుతుంది, గొడవ తీరుతుంది.

"తియ్యొద్దు మావయ్యా" అంది చెల్లి.

ముగ్గురం ఆమె వైపు చూశాం.

"తీసేత్తే ఆ మాటలన్నీ పోతాయి. గొడుగు నీడ సల్లగా ఉందన్నారు. కుక్కర్ దిగిపోనాక వదిలేసిన పక్క కూడా అందంగా ఉందన్నారు. అవి మీకొచ్చినవి కావు, నా బొమ్మలకొచ్చినవి. నాకు ఎవులూ ఎప్పుడూ అలాగ అనలేదు. అవి నాకు కావాలి. బొమ్మలు అక్కడే ఉంచి, ఎవులేసారో రాయండి" అంది. చూపు ఆయన మీద నుంచి తిప్పలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మావయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఒక్క వేలితో, పైకి చదువుకుంటూ రాయడం మొదలెట్టారు. "ఈ బొమ్మలు నేను వేసినవి కావు. అబద్ధమాడాను. గురువుగారూ అన్నవారందరూ నన్ను క్షమించాలి. ఇవన్నీ వేసినది మా చిన్నకోడలు..."

"సిన్నకోడలు కాదు మావయ్యా. పేరు రాయండి."

ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. నా వైపు చూశారు. అత్తమ్మ వైపు చూశారు. అత్తమ్మ పకోడీ పళ్లెం వైపు చూసింది. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె మావాళ్లందరికీ చిన్నకోడలు, పిల్లలు పుట్టాక ఫలానా పిల్లలమ్మ. మావయ్యగారు ఫోను ఒళ్లో పెట్టుకుని, చిన్న గొంతుతో, "నీ పేరు... ఏటి తల్లీ?" అన్నారు.

నేను చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. చెల్లి తన పేరు తనే చెప్పింది, పుట్టింటి ఇంటిపేరుతో కలిపి. ఆయన ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టి, ఫోను ఆమె చేతికిచ్చారు. ఆమె నిదానంగా చదువుకుని, సరిగ్గానే ఉందని తలూపి తిరిగి ఇచ్చింది. ఆయన నొక్కేశారు.

అత్తమ్మ బుగ్గ మీద చెయ్యేసుకుంది. "ఇంత మంచి పేరేటే నీది! ఇన్నాల్లూ సెప్పలేదేటి?"

"ఎవులూ అడగలేదత్తా" అంది చెల్లి, పకోడీ తీసుకుంటూ.